బయాప్సీలో ఏమీ రాలేదంటే గడ్డ లేదని కాదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వారికి 47 ఏళ్లు. కొబ్బరికాయల కొట్టులో రాశి దగ్గర నిలబడి, ‘లాభం’ అని మొదలుపెట్టి పైకి లెక్క చెప్పే పని ఆయనది. 14 నెలలుగా గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నారు, తర్వాత గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు. ఇప్పుడు ముద్ద మింగుతుంటే ఏదో అడ్డం పడినట్టుంటోందని, వెల్లకిలా పడుకుంటే ఊపిరి సరిగా ఆడడం లేదని అంటున్నారు. గురక కూడా ఎక్కువైంది. అమలాపురంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక పైభాగంలో కుడివైపు నున్నటి గడ్డ ఉందన్నారు. ముక్క తీసి బయాప్సీ పరీక్షకు పంపితే ‘మామూలు పొర, కొద్దిగా వాపు’ అని రిపోర్టు వచ్చింది. సీటీ స్కాన్‌లో మాత్రం 2.8 సెంటీమీటర్ల గడ్డ అని, ష్వానోమా గానీ పారాగాంగ్లియోమా గానీ కావచ్చని రాశారు. పెద్దాసుపత్రికి వెళ్లి ఎంఆర్ఐ తీయించుకుని ఆపరేషన్ చేయించుకోమన్నారు. అవసరమైతే గొంతుకు రంధ్రం పెడతారన్న మాట విన్న దగ్గర నుంచి ఆయన అన్నం సరిగా తినడం లేదు. చుట్ట మానేసి 4 ఏళ్లయింది. పరీక్షలో ఏమీ లేదని వచ్చాక ఆపరేషన్ ఎందుకు? ఇది క్యాన్సరా? మా బావగారు గడ్డ కరిగే ఆకుమందు ఇప్పిస్తానంటున్నారు, కొన్నాళ్లు అది వాడి చూడవచ్చా? గొంతు పోతే ఆయన పనే పోతుంది.
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం: అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన కాగితాలన్నీ చూశాను. మీ ప్రశ్నలన్నింటికీ మూలం మొదటి ప్రశ్నలోనే ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ఆ రిపోర్టులో పరీక్షకు పంపిన ముక్కలో ఏమీ కనిపించలేదని మాత్రమే రాశారు గాని, మీ వారి గొంతులో ఏమీ లేదని రాయలేదు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో తెలియక నెలలు పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

మీ ఇంట్లో వాళ్లకు తేలిగ్గా బోధపడే మాట చెబుతాను. కాయ పైన పీచు గిల్లి చూసి లోపల కొబ్బరి ముదిరిందో లేదో ఎవరూ చెప్పలేరు కదా. మీ వారి గొంతులో తీసిన ముక్క కూడా అటువంటి పీచు ముక్కే. గడ్డ పొర మీద పుట్టలేదు, పొర కింద పుట్టి పొరను పైకి నెట్టింది. డాక్టరు గారు తన కాగితంలో ‘నున్నగా, పుండు లేకుండా, పైపొర మామూలుగా ఉంది’ అని రాసిన వాక్యం మొత్తం కాగితాల్లోకెల్లా విలువైనది. పైపొర బాగున్న చోట పైపొర ముక్క తీస్తే మామూలు పొర అనే వస్తుంది, అది వచ్చింది. అందువల్ల ఆ రిపోర్టు తప్పూ కాదు, డాక్టరు గారిది పొరపాటూ కాదు, కాకపోతే ఆ కాగితం గడ్డ గురించి మనకు చెప్పింది ఏమీ లేదు.

క్యాన్సరా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారి స్వరపేటికలో వచ్చే క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ పైపొరలోనే పుడుతుంది కాబట్టి, అది గరుకుగా, పుండుగా, తెల్లటి మచ్చగా లేదా కాలీఫ్లవర్ పువ్వులా పైకే కనిపిస్తుంది, ముట్టుకుంటే రక్తం కారుతుంది, మెడలో బిళ్లలు కట్టవచ్చు. మీ వారికి ఈ గుర్తులేవీ లేవు, స్కాన్‌లో మెడ బిళ్లలూ లేవు. ఇది ధైర్యం చెప్పే విషయమే. అయితే పూర్తిగా నిశ్చింతగా ఉండమని నేను అనలేను, ఎందుకంటే చిన్న లాలాజల గ్రంథుల నుంచి, మృదులాస్థి నుంచి పుట్టే కొన్ని క్యాన్సర్లు కూడా పొర కిందే పెరుగుతాయి, అవి అరుదే గాని లేకపోలేదు. గడ్డ మొత్తం బయటికి వచ్చి, పాథాలజీ డాక్టరు దానిని ముక్కలు కోసి సూక్ష్మదర్శినిలో చూసిన తర్వాతే ఆఖరి మాట వస్తుంది. ఆపరేషన్ ఎందుకన్న మీ ప్రశ్నకు సగం సమాధానం ఇదే: ఇక్కడ చికిత్సా, నిర్ధారణా ఒకటే పని.

స్వరపేటికలో క్యాన్సర్ కాని కణితులు అనగానే చాలావరకు పాపిలోమాలే. అవి హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వచ్చే పులిపిరి గుత్తులు, పైపొర మీదే ఉంటాయి, చూస్తేనే తెలుస్తాయి. ఇక గొంతు ఎక్కువగా వాడే మీ వారి వంటి వారికి మాట పుట్టించే స్వరతంత్రుల మీద వచ్చే బుడిపెలు, పాలిప్‌లు అసలు కణితులే కావు. పొర కింద పుట్టే నిజమైన కణితులు చాలా తక్కువ. వాటిలో ఒకటి ష్వానోమా. నరాన్ని చుట్టి ఉండే తొడుగు కణాల నుంచి ఇది పుడుతుంది. ఆ కణాలను వర్ణించిన 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ పేరే దానికి వచ్చింది. స్వరపేటికలోని క్యాన్సర్ కాని కణితులన్నీ లెక్కవేస్తే నరాల తొడుగు నుంచి పుట్టేవి నూటికి ఒకటిన్నరకు మించవని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఇది ఎక్కువగా స్వరపేటిక పైభాగానికి స్పర్శ ఇచ్చే నరం కొమ్మ మీద వస్తుంది, అందుకే మీ వారికి కనిపించినట్టు స్వరతంత్రులకు పైన, ఒక పక్కన, అన్నం లోపలికి జారే దారికీ గాలి దారికీ మధ్య గట్టులా ఉండే మడత దగ్గర ఉబ్బుతుంది. సంవత్సరాల తరబడి మెల్లగా పెరుగుతుంది, చుట్టూ తనదైన గుల్ల ఒకటి కట్టుకుంటుంది, పక్కనున్న కండరాన్ని తొలుచుకుపోదు, తోసుకుంటూ పోతుంది. బొంగురు, గొంతులో అడ్డం, గురక, పడుకుంటే ఆయాసం అన్న మీ వారి లక్షణాల వరుస దీనికి బాగా కుదురుతుంది. కుదిరినంత మాత్రాన అదేనని తేలిపోదు, ఎందుకంటే అదే చోట కూర్చునే ఇంకో కణితికీ ఇదే వరుస కుదురుతుంది.

ఆ ఇంకొకటి పారాగాంగ్లియోమా. స్కాన్ చదివిన డాక్టరు గారు ఈ రెండు పేర్లనూ పక్కపక్కన రాశారంటే బాధ్యతగా రాశారని నా అభిప్రాయం. ఇది రక్తనాళాలతో నిండిన కణితి. ఆడవారిలో ఎక్కువ, మగవారిలో తక్కువ, అయినా మగవారికి రాదని లేదు. పైకి చూస్తే ఇదీ నున్నగానే ఉంటుంది, ఒక్కోసారి కాస్త ఎర్రగానో నీలంగానో కనిపిస్తుంది. దీనిలోకి లోతుగా పట్టకారు పెట్టి ముక్క తీస్తే కారే రక్తం ఆపడం కష్టం, పైగా కారేది గాలి దారిలోకే. నేను పీజీ చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి ఇది కళ్లారా చూశాను. ఒక పెద్దావిడకు గొంతులో ఉన్న ఎర్రటి ఉబ్బు నుంచి, స్కాన్ చేయకుండానే, కూర్చోబెట్టి ముక్క తీశారు. ఆవిడ నోటి నిండా రక్తం, మాట లేదు, ఒక చేత్తో మంచం పట్టీని, ఇంకో చేత్తో నా చొక్కాను పట్టుకున్నారు. ఆ రాత్రి ఆవిడకు హడావిడిగా గొంతు కింద రంధ్రం పెట్టి ప్రాణం నిలబెట్టారు. ఆ చొక్కా మీది మరకలు పోయాయి గాని, నున్నటి ఉబ్బు కనిపిస్తే ముందు స్కాన్, తర్వాతే కత్తి అన్న క్రమం మాత్రం నాలో అప్పటి నుంచి మారలేదు.

అందుకే మీకు నేను గట్టిగా చెప్పే మాట ఇది. మొదటిసారి ఏమీ రాలేదు కదా, ఈసారి ఇంకాస్త లోతుగా ముక్క తీద్దామని ఎవరైనా అంటే, కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి తీసిన స్కాన్ చూసే వరకు ఒప్పుకోకండి. మీరు పంపిన సీటీ రక్తనాళంలోకి మందు ఎక్కించకుండా తీసినది. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో అది చెప్పింది గాని, గడ్డలో రక్తం ఎంత పారుతోందో చెప్పలేదు. ఎంఆర్ఐ మందు ఎక్కించే తీయించండి, దానికి ముందు క్రియాటినిన్ పరీక్ష చేసి మూత్రపిండాలు బాగున్నాయో లేదో చూస్తారు. ష్వానోమా అయితే ఒక రకం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది, అంచులు గీత గీసినట్టు ఉంటాయి, మందు ఎక్కించాక ఒక మోస్తరుగా, అక్కడక్కడ హెచ్చుతగ్గులతో వెలుగుతుంది. పారాగాంగ్లియోమా అయితే మందు ఎక్కీ ఎక్కకముందే ధగధగ వెలుగుతుంది, లోపల రక్తం వేగంగా పారే నాళాలు నల్ల చుక్కల్లా కనిపించి, ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టుంటుంది. అలా కనిపిస్తే ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు యాంజియోగ్రఫీ చేసి గడ్డకు రక్తం ఇచ్చే నాళాన్ని లోపలి నుంచే మూయవలసి రావచ్చు. మీ వారికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, బీపీ ఎగబాకడం వంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ జాతి కణితుల్లో కొన్ని రక్తంలోకి అడ్రినలిన్ వంటి రసాయనాలు వదులుతాయి. స్వరపేటికలో ఉన్నవి అలా చేయడం బహు అరుదు, అయినా మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

మీరు పంపిన సీటీతోనే కొన్ని పేర్లు కొట్టివేయవచ్చు. కొవ్వు గడ్డ అయితే సీటీలో కొవ్వు నలుపులోనే కనిపించేది. మృదులాస్థి నుంచి పుట్టిన కాండ్రోమా అయితే ఎక్కువగా కింది భాగంలో, ఉంగరంలా ఉండే మృదులాస్థి వెనుక వైపున వచ్చి, లోపల పేలాలు చల్లినట్టు సున్నపు మచ్చలు కనిపించేవి. గొంతులో గాలి సంచి ఉబ్బితే లోపల గాలో నీరో ఉండేది. ఇవేవీ మీ వారి రిపోర్టులో లేవు కాబట్టి ఆ రెండు పేర్లే ముందు నిలిచాయి.

బయాప్సీ సంగతిలో ఇంకొక మాట చెప్పి ముందుకు వెళతాను, ఇది మీ వారికన్నా ఈ శీర్షిక చదివే మిగతా వారికి ఎక్కువ పనికి వస్తుంది. పైపొర ముక్క ఒక్కోసారి ఉన్నది లేదని చెబుతుంది, ఒక్కోసారి లేనిది ఉందని కూడా చెబుతుంది. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అనే ఇంకొక నిరపాయకరమైన కణితి స్వరతంత్రి వెనుక భాగంలో వస్తుంది. దాని మీది పొర విచిత్రంగా మందమై, వేళ్లు దించినట్టు లోపలికి పెరుగుతుంది. పైపైన తీసిన చిన్న ముక్కలో ఆ పొర మాత్రమే వస్తే, చూసేవారికి అది అచ్చం క్యాన్సర్‌లా అనిపించవచ్చు. ఆ ఒక్క కాగితం పట్టుకుని పెద్ద ఆపరేషన్ చేయించుకుంటే పోయేది స్వరపేటిక. అందుచేత ఏ రిపోర్టైనా సరే, డాక్టరు కళ్లకు కనిపించినదానితో పొసగకపోతే, ల్యాబ్ నుంచి గాజు స్లైడ్లను, మైనపు బ్లాకులను అడిగి తీసుకుని ఇంకొక పాథాలజిస్టుకు చూపించుకోవచ్చు. మీ వారివి కూడా ఇప్పుడే అడిగి తీసుకుని, పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు సీటీ సీడీతో పాటు వెంట పెట్టుకోండి.

ఆకుమందు గురించి అడిగారు. మీ బావగారు మేలు కోరే చెప్పి ఉంటారు, ఆయన మనసు నొప్పించనవసరం లేదు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటేనో, మిరియాల కషాయం తాగితేనో గొంతు రాపిడికి కాస్త హాయిగా ఉంటుందనేది మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, వద్దనను. కానీ గుల్ల కట్టుకుని పెరిగిన కణితిని కరిగించే మందు అల్లోపతిలోనూ లేదు, ఆకుల్లోనూ లేదు. ఇది క్యాన్సర్ కాకపోవచ్చు కాబట్టి తొందర లేదనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. చేతి మీదో వీపు మీదో ఇదే గడ్డ ఉంటే పదేళ్లు ఆగినా నేను అభ్యంతరం చెప్పను. గాలి దారిలో ఉన్నదానికి ఆ వెసులుబాటు లేదు. మీ వారికి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడడం లేదంటే దారి ఇప్పటికే ఇరుకైందన్నమాట. ఆ మిగిలిన సందు మూసుకుపోవడానికి మామూలు జలుబు వాపు చేరినా చాలు. ఎంఆర్ఐ ఈ వారంలోనే, ఆపరేషన్ ఆ తర్వాత వీలైనంత త్వరలో జరగాలి.

రంధ్రం సంగతికి వస్తాను, మీ వారి అన్నం మాన్పించింది అదే కదా. మత్తు ఇచ్చేటప్పుడు నోటి గుండా ఊపిరి గొట్టం వేయాలి. ఆ గొట్టం వెళ్లవలసిన దారిలోనే గడ్డ కూర్చుని ఉంది. మత్తు ఎక్కగానే గొంతు కండరాలు వదులవుతాయి, అంతదాకా మనిషి తన ప్రయత్నంతో తెరిచి ఉంచుకున్న దారి మూసుకుపోవచ్చు. అందుకని మత్తు డాక్టరు, సర్జను ముందే కలిసి చూసుకుని, మనిషి మెలకువగా ఉండగానే కెమెరా గొట్టం సాయంతో ముక్కులోంచి ఊపిరి గొట్టం వేయవచ్చునేమో నిర్ణయిస్తారు. వీలుకాదనిపిస్తే మెడ కింది భాగంలో మొద్దుబారే సూది వేసి, చిన్న రంధ్రం చేసి, అందులోంచి గొట్టం పెడతారు. దీన్ని ట్రకియాస్టమీ అంటారు. రంధ్రం పెట్టారంటే రోగం ముదిరిందని మన వైపు ఒక భయం ఉంది. చివరి దశ క్యాన్సర్ రోగులకు పెట్టిన శాశ్వతమైన రంధ్రాలను చూసి పుట్టిన భయం అది. మీ వారికి పెడితే అది తాత్కాలికం. ఆపరేషన్ వాపు తగ్గాక, సాధారణంగా కొద్ది రోజుల్లోనే, గొట్టం మూసి చూసి, ఊపిరి బాగా ఆడుతోందని తేలాక తీసేస్తారు. తీసిన చోట కట్టు కట్టి ఉంచితే చాలావరకు దానంతటదే పూడుకుపోతుంది. మెడ మీద చిన్న గీత మిగులుతుంది. రంధ్రం పెట్టకుండానే చేస్తామని ముందే మాట ఇచ్చే సర్జను కన్నా, పెట్టవలసి రావచ్చునని ముందే చెప్పే సర్జను దగ్గరే నేనైతే చేయించుకుంటాను.

ఆపరేషన్‌కు రెండు దారులు ఉన్నాయి. మొదటిది నోటి గుండా. తల వెనక్కి వంచి, నోట్లోంచి స్వరపేటిక దాకా లోహపు గొట్టం ఒకటి నిలిపి, 400 మిల్లీమీటర్ల దూరం నుంచి చూసే సూక్ష్మదర్శిని కింద, సన్నని పనిముట్లతోనో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనో గడ్డ తీస్తారు. స్వరపేటిక మీద ఈ లేజర్‌ను 1972 ప్రాంతంలో అమెరికాలో స్ట్రాంగ్, జాకో అనే ఇద్దరు మొదలుపెట్టారు, నేడు మన పెద్ద ఆసుపత్రుల్లోనూ ఉంది. లోపలికి వెళ్లేముందు రోగి కళ్ల మీద తడి గుడ్డలు, ముఖం చుట్టూ తడి తువ్వాళ్లు కప్పుతారు. ఊపిరి గొట్టం చివరి బుడగలో గాలికి బదులు నీలం రంగు కలిపిన సెలైన్ నింపుతారు, లేజర్ పొరపాటున బుడగకు తగిలితే నీలం నీరు పైకి చిమ్మి వెంటనే తెలుస్తుంది, ఆ తడి నిప్పును కూడా అడ్డుకుంటుంది. ఆక్సిజన్ ఉన్నచోట లేజర్ నిప్పురవ్వ ఎంత పని చేయగలదో మత్తు డాక్టర్లకు తెలుసు కాబట్టి ఇంత జాగ్రత్త.

గడ్డ మీది పొరను నిలువుగా చీల్చి, పొరను అలాగే ఉంచి, కింద గుల్లతో సహా గడ్డను ఒలిచి తీసి, పొరను మళ్లీ దాని చోట పరచడమే ఇందులో పనితనం. పొర మిగిలితే పుండు త్వరగా మానుతుంది, గొంతు బిగుసుకుపోదు.

రెండో దారి మెడ బయటి నుంచి. గడ్డ పెద్దదైనా, నోటి దారిలో దాని అడుగు కనిపించకపోయినా, రక్తం ఎక్కువ పారే రకమైనా మెడ పక్కన కోసి, స్వరపేటిక పైకవచం అంచు నుంచి లోపలికి వెళ్లి, గడ్డను ఎదురుగా చూస్తూ తీస్తారు. గడ్డ స్థలాన్ని బట్టి కవచాన్ని మధ్యలో తెరిచి వెళ్లే పద్ధతీ ఉంది. మీ వారి 2.8 సెంటీమీటర్ల గడ్డ సరిగ్గా రెండు దారుల మధ్య గట్టు మీద ఉంది. అనుభవం ఉన్న చేతులు నోటి గుండానే తీయవచ్చు, బయటి నుంచి తీసినా దాన్ని తక్కువ చేసి చూడకండి. కోత లేదన్న ఆశతో నోటి దారినే పట్టుబట్టి, గడ్డను ముక్కలు ముక్కలుగా తీసి అడుగు వదిలేస్తే, మిగిలిన అడుగు కొన్నేళ్లకు మళ్లీ పెరుగుతుంది. మొత్తంగా, గుల్లతో సహా వచ్చిన ష్వానోమా తిరిగి రావడం చాలా అరుదు.

గడ్డ పాథాలజీకి వెళ్లాక అసలు పేరు వస్తుంది. ష్వానోమా అయితే ఎస్-100 అనే రంగు పరీక్షలో కణాలన్నీ ఆ రంగును గట్టిగా పట్టుకుంటాయి. ఆ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టవచ్చు, ఆలస్యమైందని కంగారు పడకండి.

ఇక గొంతు. మాట పుట్టించే స్వరతంత్రులు గడ్డకు కింద ఉన్నాయి, గడ్డ వాటి నుంచి పుట్టలేదు, వాటి మీదికి ఒరిగింది. మీ డాక్టరు గారు ముక్కులోంచి గొట్టం వేసి మీ వారిని ‘ఈ...’ అనమన్నప్పుడు రెండు తంత్రులూ కలుసుకోవాలి. ‘కుడి తంత్రి గడ్డ చాటున ఉంది, కదలిక స్పష్టంగా తెలియలేదు’ అని కాగితంలో ఉంది. తంత్రి గడ్డ బరువు కింద పడి కదలకుండా ఉందా, నరం దెబ్బతిని కదలకుండా ఉందా అన్నది గడ్డ తీశాకే తెలుస్తుంది. బరువు వల్లనే అయితే గడ్డ పోయాక మెల్లగా తేరుకుంటుంది. మునుపటి ఖంగుమనే గొంతు నూటికి నూరుపాళ్లు వస్తుందని నేను మాట ఇవ్వలేను, ఇప్పటికన్నా బాగుపడుతుందనే ఆశకు మాత్రం చాలా ఆధారం ఉంది. అన్నట్టు, బతికున్న మనిషి స్వరతంత్రులు ఆడుతుండగా చిన్న అద్దంతో చూసి ప్రపంచానికి చెప్పినది డాక్టరు కాదు, 1854లో పారిస్‌లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. ఎండను అద్దంలో పట్టి తన గొంతే తాను చూసుకున్నాడట. గొంతుతో బతికేవాడికే గొంతు మీద అంత ఆరాటం ఉంటుంది, మీ వారి దిగులు నాకు అర్థమవుతుంది.

గొంతు కన్నా ముందు మీరు గమనించవలసింది మింగడం. గడ్డ స్పర్శ నరం మీద పుట్టి ఉంటే, దానితో పాటు ఆ నరం కొమ్మ కూడా పోవచ్చు. అప్పుడు గొంతు ఒక పక్క మొద్దుబారి, నీళ్లు తాగినప్పుడు పొలమారుతుంది. మొదటి కొన్ని వారాలు నీళ్ల కన్నా చిక్కటి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం నయం. కొంచెం కొంచెంగా, గడ్డం రొమ్ము వైపు వంచి మింగమంటారు. స్పీచ్ థెరపిస్టు ఆ పద్ధతి దగ్గరుండి నేర్పిస్తారు. రెండో వైపు నరం బాగుంటుంది కాబట్టి చాలామంది సర్దుకుంటారు. జ్వరం, దగ్గు వస్తే మాత్రం వెంటనే చూపించాలి, పొలమారినది ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు.

ఎక్కడ చేయించుకోవాలన్నది మీ వీలు. మీకు దగ్గరలో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు చెందిన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల కింద ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అని పిలిచిన పథకం కింద వచ్చే ఆసుపత్రి ఏదైనా సరే, రేషన్ కార్డుతో అక్కడ ఆ పథకం పని చూసే ఉద్యోగిని ముందే కలిసి, అనుమతి కాగితం పని మొదలుపెట్టించండి. సర్జనును మీరు మొహమాటం లేకుండా అడగవలసినవి: ఇటువంటి పొర కింది గడ్డలు తీసిన అనుభవం ఉందా, నోటి గుండా మొదలుపెట్టి కుదరకపోతే అదే పూట బయటి నుంచి తీయడానికి సిద్ధంగా ఉంటారా, మత్తు డాక్టరు ముందే గొంతు చూస్తారా, ఆపరేషన్ మధ్యలో ముక్కను చలికి బిగిసేలా చేసి అప్పటికప్పుడు చూసే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్ష అక్కడ ఉందా. ఆ చివరిది లేకపోతే ఆపరేషన్ ఆగదు, ఉంటే మంచిది.

ఈలోగా రాత్రిళ్లు ఆయనను తలవైపు ఎత్తు పెట్టి, పక్కకు తిరిగి పడుకోమనండి. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా వద్దు, రెండూ గొంతు కండరాలను వదులు చేస్తాయి. చుట్ట మళ్లీ ముట్టనివ్వకండి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈలలా శబ్దం వచ్చినా, ఉమ్ము మింగలేక కారిపోతున్నా, ఊపిరితో పాటు మెడ గుంట, డొక్కలు లోపలికి పోతున్నా, కూర్చుంటే తప్ప ఊపిరాడకపోయినా, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి ‘గొంతులో గడ్డ ఉంది, ఊపిరాడడం లేదు’ అని అదే మాటలతో చెప్పండి. అటువంటప్పుడు యెదుర్లంక వంతెన దాటి కాకినాడ చేరుదామని బయల్దేరకుండా, ముందు అమలాపురంలోనే ఊపిరి దారి నిలబెట్టించుకుని, తర్వాతే పెద్దాసుపత్రికి వెళ్లండి. స్కాన్ కాగితాలు ఒక సంచిలో గుమ్మం దగ్గరే పెట్టి ఉంచండి.

ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు మాట్లాడకూడదో సర్జను చెబుతారు, సాధారణంగా కొన్ని రోజుల నుంచి వారం వరకు ఉంటుంది. గుసగుసగా మాట్లాడితే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు, అదీ వద్దు, గుసగుసలో చాలామందికి గొంతు ఇంకా బిగుసుకుంటుంది. పలకా బలపమో, సెల్‌ఫోనో చేతికివ్వండి. తర్వాత స్పీచ్ థెరపిస్టు సరేనన్నాకే కొట్టుకు వెళ్లాలి. వెళ్లినా మొదటి నెలలో రాశి దగ్గర అరిచి లెక్క చెప్పే పని ఇంకొకరికి అప్పగించి, ఆయనను పక్కన కూర్చుని నూరు కాయలకు ఒక గీత చొప్పున పుస్తకంలో గీసుకోమనండి.